మూడో ప్రకటన

నిన్న మధ్యాహ్నం మా ఆయన పెరట్లో మోటారు సైకిలు కడుగుతున్నాడు. ఆయన ఫోను వంటింట్లో, కింద బండల మీద ఉంది. ఉన్నట్టుండి అది గుర్రుమంది. నాపరాళ్లు పరిచిన ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ సంగతి తెలుస్తుంది. బండ మీద పెట్టిన ఫోను అదిరితే, ఆ అదురు చెవికంటే ముందు అరికాలికి తగులుతుంది. వంకాయలు తరుగుతున్న నేను అరికాలి నుంచి గొంతు దాకా చల్లబడిపోయాను. మా పెళ్లయి తొమ్మిదేళ్లు. ఒక కూతురు. ఆయన మీద వేలెత్తి చూపడానికి ఇంతవరకు నాకు ఒక్క కారణం దొరకలేదు. అయినా ఆ ఫోను అదిరినప్పుడల్లా నా చెయ్యి దాని వైపు పోవాలని చూస్తుంది. నిన్న కూడా సగం దూరం పోయి ఆగింది. కత్తిపీట పక్కకు జరిపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అది సద్దుమణిగేదాకా అట్లాగే కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ సుగుణమ్మ టీచరు గుర్తుకొస్తూనే ఉన్నారు.

ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. బేతంచెర్లకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరు దాటి ఆమె పేరు పెద్దగా పోలేదు. పొట్టి మనిషి, నల్లగా గట్టిగా ఉండేవారు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకున్నారు. నాకు తెలిసిన ఇన్నేళ్లూ ఆ దారంతోనే నెట్టుకొచ్చారు. పక్క సందుకు పోయినా గొడుగు ఉండాల్సిందే. మన ఊళ్లో ఏడాదికి పట్టుమని పది వానలు పడవు గదా టీచర్ అంటే, "ఎండ పడదా?" అనేవారు. మా ఊరి మిషన్ బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. రెండు గదులు, ఒక వరండా. పిల్లల్లో సగం మంది రాళ్ల గనుల్లో కూలి చేసేవాళ్ల బిడ్డలు. నాకు ఐదో తరగతి చెప్పింది ఆమే. ఇరవై రెండేళ్లకు నేను అదే బడిలో టీచరుగా చేరినప్పుడు నా మీద పెత్తనం చేసిందీ ఆమే.

చేరిన మొదటి వారంలోనే నాకు అక్షింతలు పడ్డాయి. హాజరు పట్టీలో రాని పిల్లవాడికి వచ్చినట్టు వేశాను. తప్పు తెలుసుకుని, ఎవరూ చూడకుండా బ్లేడుతో గీకి మళ్లీ రాశాను. మధ్యాహ్నం ఆమె పట్టీ తెరిచి, ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టారు. గీకినచోట కాగితం పలచబడి వెలుతురు ఇవతలికి వస్తోంది.

"దీనికేమయింది?"

"తప్పు పడింది టీచర్. గీకేసినా."

"ఇప్పుడు చూడు. నువ్వు ఏం తప్పు రాసినావో ఎవురికీ తెలీదు. ఏదో దాచినావని మాత్రం అందురికీ తెలుస్తాది." పట్టీ నా ముందుకు తోశారు. "తప్పు పడితే ఒక్క గీత గీయి. కింద రాసింది కనపడాల. పక్కన దిద్ది సంతకం పెట్టు. దానికి నిన్నెవురూ ఉరి తీయరు."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఉరి తీస్తారన్నట్టుగానే నేను బ్లేడు పట్టుకున్నాను మరి. ఆ తర్వాత ఎన్ని తప్పులు చేశానో, ఆ బడి పట్టీల్లో అన్నీ నా సంతకాలతో సహా ఇప్పటికీ ఉన్నాయి. బడి పట్టీలో నేర్చుకున్నదాన్ని ఇంట్లో చేయడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

ఇంటి సంగతి చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. ఆయన పేరు ఇక్కడ రాయను. బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి పొడి ఉండేది. మంచి గొంతు, ఎవరినైనా ఇట్టే నవ్వించేవాడు. మా చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. చిన్నప్పుడు నన్ను భుజం దించకుండా తిప్పిన మనిషి. నా ముక్కు ఆయనది, నవ్వు కూడా ఆయనదే. ఆ పోలిక గురించి ఎవరన్నా మెచ్చుకుంటే నేను ఒకప్పుడు పొంగిపోయేదాన్ని.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయికి బనగానపల్లెలో పెళ్లయింది. టీచరు తాను పోలేక నన్ను పంపారు. మామిడిపండ్ల కాలం. పెళ్లి భోజనం చేసి బస్టాండుకు అడ్డదారిన నడుస్తున్నాను. ఒక సందులో, ఒక ఇంటి గడప మీద, బనియనుతో మా నాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పళ్లెం, చేతిలో చాకు. మామిడిపండు తొక్క తెగకుండా చుట్టూ తీసి, ముక్కలు కోసి, పక్కన కూర్చున్న ఆమె చేతిలో పెడుతున్నాడు. ఆమె ఏదో అంటే నవ్వుతున్నాడు. నేను చూసిన మొదటి క్షణంలో నాకు తట్టింది పరాయి ఆడమనిషి అని కాదు. మా ఇంట్లో ఆయన తాను తిన్న కంచం కూడా తీయడు, ఆయన కోసిచ్చిన పండు అమ్మా నేనూ ఒక్కనాడూ తినలేదు అని. ఆ తర్వాత మిగిలినదంతా అర్థమయింది.

ఆయన నన్ను చూశాడు. చొక్కా తొడుక్కుని నా వెనకే వచ్చాడు. బస్టాండులో నాకు ఒక సోడా కొట్టించి ఇచ్చి, తల వంచుకుని ఒకే మాట చెప్పాడు.

"అమ్మకు చెప్పొద్దు మ్మా. అమ్మ తట్టుకోల్యాదు. చచ్చిపోతాది."

ఆ సోడా నేను తాగానో పారబోశానో గుర్తులేదు. ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. "మీ నాయన ఇంకా రాల్యా. యాడన్నా కనపడినాడా?" అంది. నేను చెప్పులు విడుస్తూ, అమ్మ వైపు చూడకుండానే, "ఫ్యాక్టరీలో మిషను చెడిపోయిందంటమా. ఆలస్యమయితాదంట. బస్సులో అబ్రహాం మామ చెప్పినాడు" అన్నాను. అబ్రహాం మామ ఆ రోజు బస్సులో లేడు. ఆయన పేరు అంత చప్పున నా నోటికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అమ్మ సరేనని చేట తట్టింది. ఆ పొద్దు నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. అమ్మకు తెలిస్తే చచ్చిపోతుందనేది ఒకటి. అబద్ధం నా నోట్లో ఇంత సుఖంగా కూర్చుందేమిటనేది రెండోది. మొదటిదానికంటే రెండోదే నన్ను ఎక్కువ తినేసింది.

అట్లా రెండేళ్లు గడిచాయి. నాయనకు నేను అలవాటైపోయాను. అన్నం తినేటప్పుడు అమ్మ ఏదన్నా అడిగితే, ఆయన నోరు తెరవకుండా నా వైపు చూసేవాడు. నేను అందుకునేదాన్ని. "నిన్న చెప్పినాడు గదమా, లోడింగు ఉండాదని." ఆయన ముద్ద కలుపుకునేవాడు. నాకు ముద్ద దిగేది కాదు. ఇంటి ముందర బండి ఆగితే, అమ్మకంటే ముందు నేను గడప దగ్గరికి ఉరికేదాన్ని. బనగానపల్లె వైపు నుంచి వచ్చిన చుట్టం ఎవరన్నా గడపలో కాలు పెడితే, వాళ్లు నోరు తెరిచేలోపల నేనే ఏదో ఒక మాట అందుకుని వాగేదాన్ని. పెళ్లీడుకు వచ్చిన ఆడపిల్లను, ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని, ఇంట్లో దొంగసొత్తు దాచిపెట్టుకున్నట్టు బతికాను.

బడిలో గంట కొట్టినా ఉలిక్కిపడుతున్నానని మొదట కనిపెట్టింది సుగుణమ్మ టీచరే. "ఏమే ప్రసన్నా, ఒంట్లో బాగలేదా? చిక్కిపోతాండావు" అన్నారు ఒకరోజు. "ఏం లేదు టీచర్, ఎండలకు" అన్నాను. ఆమె కళ్లజోడు దారం సర్దుకుని నన్ను చాలాసేపు చూశారు. ఇంకేదో అడుగుతారని నేను భయపడ్డాను. అడగలేదు. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఇరవై ఆరో ఏట నాకు దయాకర్ సంబంధం వచ్చింది. కోవెలకుంట్ల దగ్గరి మనిషి, కరెంటు లైన్‌మన్. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడేవాడు. నాకు నచ్చాడు. నచ్చకపోయి ఉంటే ఇంత కథ ఉండేదే కాదు. నచ్చాడు కాబట్టి రాత్రింబవళ్లు ఒకటే గుబులు. ఇతనికి కూడా ఏదో ఒక ఊళ్లో ఒక గడప ఉంటుందా? లేక, రేపు నేనే ఇతన్ని మోసం చేస్తానా? ముక్కు, నవ్వు వచ్చినట్టు అది కూడా నాకు వచ్చి ఉంటే?

ఒక రోజు అతను ఫోను చేసినప్పుడు ఒక వెధవ పని చేశాను. నేను బడిలోనే ఉండి కూడా, ఎండదెబ్బ తగిలి ఇంట్లో పడుకున్నానని చెప్పాను. ఎందుకు? అతను కనిపెడతాడా లేదా అని చూద్దామని. కనిపెట్టలేదు. "మజ్జిగలో ఉప్పేసుకోని తాగు. సాయంత్రం మళ్ల చేస్తా" అన్నాడు. గొంతులో నిజమైన దిగులు. నేను అబద్ధమాడితే ఈ మనిషికి తెలియదు. ఎప్పటికీ తెలియదు. మా అమ్మ లాగా చేట తట్టుకుంటూ కూర్చుంటాడు అనుకున్నాను.

మా సంఘంలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు, మేం గుడి అనే మా చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్లి, తగిన అభ్యంతరం ఎవరికైనా ఉంటే ఇప్పుడే తెలియజేయవలెను అని పాస్టరు అయ్యగారు అడిగి, కాసేపు ఆగుతారు. ఎవరూ లేవరు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కరు లేవగా చూడలేదు. అయినా మొదటి ఆదివారం ఆ కాసేపట్లో నేను వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఎవరో ఒకరు లేచి, ఈ పిల్ల తండ్రి సంగతి మీకు తెలుసా అంటారనుకున్నాను. అనలేదు. రెండో ఆదివారమూ అనలేదు. మూడో ఆదివారం నా పేరూ దయాకర్ పేరూ చదివి, అయ్యగారు అడిగి, ఆగారు. చాపల మీద ఆడవాళ్ల వరసలో ఎవరో లేచారు. అది నేనేనని నాకు తెలియడానికి ఒక క్షణం పట్టింది.

"నాకుంది."

"ఏమ్మా?" అన్నారు అయ్యగారు, కీర్తన పుస్తకం కావాలన్నానేమో అన్నట్టు.

"నాకు అభ్యంతరం ఉంది."

"ఎవురి పెండ్లికి?"

"నా పెండ్లికే."

మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ముందు వరస పక్కన కానుకల సంచి పట్టుకుని మా నాయన నిలబడి ఉన్నాడు. అయ్యగారు కారణం చెప్పమన్నారు. నేను నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు, అన్నం దగ్గర చూసే ఆ చూపే. ఏదో ఒకటి అల్లి చెప్పు మ్మా అన్నట్టు. నేను నోరు తెరిచాను. రెండేళ్లలో మొదటిసారి నా నోటికి అబద్ధం రాలేదు. నిజం కూడా రాలేదు. అట్లా నోరు తెరుచుకుని, గుడినిండా జనం ముందు, పిచ్చిదానిలా నిలబడ్డాను.

వెనక కుర్చీల్లోంచి గొడుగు బండకు తగిలిన చప్పుడు వినిపించింది. "అయ్యగారూ, ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పింది. కారణం ఈడనే అందురి ముందర చెప్పాలని యాడా లేదు. పా ప్రసన్నా, పోదాం." సుగుణమ్మ టీచరు నా మోచెయ్యి పట్టుకుని, ఆ వరసల మధ్యనుంచి, నిదానంగా, మా చెప్పులు మేం వెతుక్కుని తొడుక్కునేంత నిదానంగా బయటికి నడిపించారు.

వాళ్ల ఇంట్లో ముందు పొద్దుటి బొరుగుల ఉగ్గాని వేడి చేసి పెట్టారు. తినేదాకా ఒక్క మాట అడగలేదు. తిన్నాక చెప్పాను. మామిడిపండు నుంచి ఎండదెబ్బ దాకా మొత్తం. ఆమె విని, "తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"మీ నాయన సంగతి. ఊర్లో ఎవురికి తెలీదు ప్రసన్నా? నీకు తెలుసో లేదో అనేదే నాకు తెలీలా."

రెండేళ్లు నేను ప్రాణం పెట్టి కాపలా కాసిన ఇంటికి తలుపులే లేవన్నమాట. ఆ వెంటనే కోపం వచ్చింది. "తెలిసీ చూస్తా ఉన్నారా?" అని అరిచాను. మా హెడ్మిస్ట్రెస్ మీద నేను గొంతెత్తడం అదే మొదలు, అదే చివర.

"చూస్తా ఉన్న్యా" అన్నారు ఆమె. "మీ నాయనను సంఘ పెద్దగా నిలబెట్టిన దినం అయ్యగారు ఇదే మాదిరి అడిగినాడు, అభ్యంతరం ఉండాదా అని. నాకుండె. గొంతు దాకా వచ్చె. మీ అమ్మ ముందు వరసలో కొత్త చీర కట్టుకోని కూచోనుండె. ఆయమ్మ మొగం చూసి లేయలేదు. మంచిపని చేసినాననుకుంటి. మంచిపని కాదది. నాకు ధైర్యం లేకపాయ. అది నా తప్పు."

అంతే. దానికి ముందూ వెనకా ఏమీ తగిలించలేదు. పెద్దవాళ్లు తమ తప్పును అంత పొట్టిగా చెప్పగా నేను అంతకుముందు వినలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు, ఏడుపొచ్చింది. "నేను మా నాయన బిడ్డను టీచర్" అన్నాను. "నాకు అబద్ధం ఆలోచించకుండానే వస్తాది. ఆ మనిషిని నాశనం చేస్తానేమోనని భయమయితాంది."

చెయ్యవులే, నువ్వు బంగారం లాంటి పిల్లవు అంటారనుకున్నాను. అనలేదు.

"చెయ్యవని నేను పూచీ పడల్యాను. నా మీదే నాకు పూచీ లేకపాయ గదా. కానీ ఈ పొద్దు నోరు తెరిచినావు, అబద్ధం రాలేదు. అది నా కండ్లతో చూసినా. భయపడితే భయపడు. భయపడి దొంగపని మాత్రం చెయ్యొద్దు. పో, పొయ్యి ముందు మీ అమ్మతో మాట్లాడు. తర్వాత ఆ పిల్లోనితో."

ఆ సాయంత్రం అయ్యగారు ప్రకటనల పుస్తకం పట్టుకుని టీచరు దగ్గరికి వచ్చారట. నాలుగు నోళ్లలో పడకముందే ఆ కాగితం చింపేద్దామన్నారట. "చింపొద్దండీ. ఒక్క గీత గీయండి. ఇద్దురికీ ఇష్టమయితే మళ్ల మొదటి ఆదివారం నుంచి చదువుదురు గానీ" అని టీచరు పంపారట. ఇది తర్వాత అయ్యగారే నాకు చెప్పారు.

టీచరు దగ్గర్నుంచి నేను ఇంటికి పోతే నాయన లేడు. అమ్మ గుడికి కట్టిన చీరతోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు చెప్తే ఈమె చచ్చిపోతుంది, నేను చంపినదాన్ని అవుతాను. ఆ భయం ఎంత నిజంగా ఉండిందంటే, ఆమె పక్కన నీళ్ల చెంబు ఉందా లేదా అని చూశాను.

"నీకెప్పుడు తెలిసింది?" అంది అమ్మే.

"రెండేండ్లాయ. నీకు?"

"నువ్వు టీచరు చదువుకు పొయ్యేటప్పుడే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అడిగితే, ఒప్పుకున్యాడు. పాపకు మాత్రం తెలియనీకు, పాప తట్టుకోల్యాదు, ప్రాణం తీసుకుంటాది అన్యాడు. అందుకే నీ ముందర ఏం ఎరగనట్టు ఉంటి."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకే మాటను తీసుకుని, ఆ మనిషి నన్ను అమ్మ పేరుతో, అమ్మను నా పేరుతో కట్టేశాడు. రోజూ ఒకే కుండలోని అన్నం తింటూ, ఒకరిని ఒకరం బతికిస్తున్నామనుకుంటూ కూర్చున్నాం. మొదట అమ్మ నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాతి వారం నాయన కానుకల సంచి తనంతట తానే అయ్యగారికి ఇచ్చేశాడు. బనగానపల్లెకు పోవడం మాత్రం మానలేదు. చెప్పి పోవడం నేర్చుకున్నాడు, అంతే. అమ్మ ఎందుకు ఊరుకుందో నేను అడగబోతే, "అది నా బతుకు పాపా, నువ్వు మొయ్యొద్దు" అంది. ఇప్పటికీ ఆయనతో నేను ముభావంగానే ఉంటాను. ఆయన ముసలివాడవుతున్నాడు. జాలి కలుగుతుంది, దగ్గరికి పోబుద్ధి కాదు.

దయాకర్ సోమవారం మధ్యాహ్నం బండేసుకుని నేరుగా బడికే వచ్చాడు. వార్త అప్పటికే కోవెలకుంట్ల చేరింది. టీచరు ఐదో తరగతి పిల్లలను వరండాలోకి తోలి, ఆ గది మాకిచ్చి, తలుపు తెరిచే పెట్టి, గుమ్మం బయట నోటు పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నారు. నేను చెప్పాను. నాయన సంగతి విన్నప్పుడు అతని ముఖం మారలేదు. ఎండదెబ్బ సంగతికి మారింది.

"పడుకున్న్యావనుకోని రెండు దినాలు నాకు అన్నం దిగలేదు" అన్నాడు. "నన్ను పరీక్ష పెట్టినావా?"

లేచి బండెక్కి వెళ్లిపోయాడు. వారం రోజులు ఫోను లేదు. ఆ వారం నేను పడిన భయం ముందు రెండేళ్ల భయం ఏపాటిది? ఉన్నదంతా బయట పెట్టుకున్నాక ఇక దాక్కోవడానికి చోటు ఉండదు. టీచరును అడిగితే, "రాకపోవచ్చు. వచ్చినా రావచ్చు. లెక్కల పీరియడు నీదే, పో" అన్నారు.

వచ్చాడు. మళ్లీ ఆ గదిలోనే, ఈసారి కూర్చోకుండానే చెప్పాడు. "మేము స్తంభం ఎక్కే ముందర, లైన్లో కరెంటు తీసేసినాం అని సబ్‌స్టేషన్ వాళ్లు ఫోనులో చెప్తారు. చెప్పినా, తీగకు ఎర్తు రాడ్డేసి చూసుకోకుండా ఎక్కం. దానికి వాళ్లు కోపం చేసుకోరు. నీకు అనుమానమొస్తే నన్ను అడుగు. ఎన్నిసార్లయినా అడుగు. దొంగగా మాత్రం చూడొద్దు, పరీక్షలు పెట్టొద్దు." వరండాలో ఎర్ర పెన్ను చప్పుడు ఆగిపోయింది. టీచరు అంతా వింటున్నారు, విననట్టు నటించడం ఆమెకు చేతకాదు.

ప్రకటన మళ్లీ మొదటి నుంచి చదివారు. జనం గుసగుసలు సరేసరి. ఈసారి ఏం చేస్తుందో చూద్దామని ఎప్పుడూ రానివాళ్లు కూడా గుడికి వచ్చారు. మొదటి ఆదివారం గడిచింది, రెండోది గడిచింది. మూడో ఆదివారం పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే భయం. నేను భయపడింది జనానికి కాదు, నాకు. ఆ ప్రశ్న అడగగానే నా కాళ్లు మళ్లీ వాటంతట అవే లేస్తాయేమో అని.

అప్పుడు సుగుణమ్మ టీచరు వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఆమెకు మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఏళ్ల తరబడి ఆమె వెనక కుర్చీలోనే కూర్చునేవారు. కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. కూర్చోవడానికే అబ్బా అని మూడుసార్లు అన్నారు. అయ్యగారు మా పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఆమె నా చెవి దగ్గరికి వంగారు.

"లేయాలనిపిస్తే లెయ్యి. ఈసారి నేనూ లేస్తా."

అయ్యగారు అడిగారు. ఆగారు. నేను పక్కకు చూశాను. ఆమె ఉత్తమాట అనలేదు. ఒక మోకాలు అప్పటికే పైకి ఎత్తి పెట్టుకున్నారు. కుడి అరచెయ్యి బండ మీద ఆనించి, బరువంతా దాని మీద వేసి, మణికట్టు నరాలు ఉబ్బి, లేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ ముసలి మనిషికి అట్లా ఉండటం ఎంత నొప్పో ఆమె పెదవులు చెబుతున్నాయి. నేను లేవలేదు. లేవాల్సిన పని నాకు కనిపించలేదు. అయ్యగారు పక్క ఊరి ప్రార్థన కూటాల సంగతి చదవడం మొదలుపెట్టాక కూడా చాలాసేపు ఆమె ఆ చెయ్యి తీయలేదు, నన్ను నమ్మక.

ఆమె పోయి రెండేళ్లయింది. నా భయం పోలేదు. తగ్గింది అని కూడా గట్టిగా చెప్పలేను. ఫోను అదిరితే చల్లబడతాను, బండి ఆలస్యమైతే వీధిలోకి వస్తాను. ఆయన్ను అడుగుతాను. ఆయన చెప్తాడు. కొన్నిసార్లు విసుక్కుంటాడు కూడా, మనిషే కదా.

పోయిన నెల మా అమ్మాయి, ఎనిమిదేళ్లది, వాళ్ల అవ్వ ఇంటి నుంచి వచ్చి పుస్తకాల సంచి కింద పడేసి అడిగింది. "అమా, తాత వారం వారం బనగానపల్లెకు ఎందుకు పోతాడు?" నా నోట్లో జవాబు అప్పటికే తయారుగా ఉంది. ఫ్యాక్టరీ పని మీద అని. ఎవరి పేరు కలిపి చెప్పాలో అది కూడా. ఎంత కాలమైనా అది నన్ను వదల్లేదు. మా అమ్మాయి ముక్కు కూడా మా నాయనదే. పాప నా ముఖంలోకే చూస్తోంది. నేను నేల మీద కూర్చుని ఉన్నాను, నాకు తెలియకుండానే కుడి అరచెయ్యి బండకు ఆనించాను.

"చెప్పడానికి నాకు భయమయితాంది పాపా" అన్నాను. "అయినా చెప్తా. ఇట్లొచ్చి కూచో."